పది రోజుల్లో మనిషి మారిపోతే...

“సిరిమాను పండక్కి బాగానే ఉన్నాది బాబూ. దీపావళికల్లా ఇలగైపోనాది. ఏటైపోనాదో మాకేటీ తెల్దు.”

విజయనగరం చుట్టుపక్కల పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి, నిద్ర లేక కళ్లు గుంటలు పడిన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరుతో ఈ మాట అన్నదనుకుందాం. ఆమె తేదీలు చెప్పలేదు. ఎన్ని రోజులైందో లెక్కా కట్టలేదు. అయినా జబ్బును పట్టుకోవడానికి కావలసిన అతి ముఖ్యమైన ఆధారం ఆ రెండు పండగల నడుమే ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం. దీపావళి అమావాస్యనాడు. మధ్యలో ఉండేది రెండు వారాలు, మహా అయితే మూడు. అంతవరకూ కాలేజీకి వెళ్లి వస్తున్న పిల్ల ఇంత తక్కువ రోజుల్లో మాట, నిద్ర, నడక అన్నీ మారిపోయి కూర్చుందంటే, ఆమె మనసు ఒక్కటే కాదు, మెదడు కూడా పరీక్షించి తీరాలి.

ఇలాంటి మార్పుకు కారణమయ్యే జబ్బుల్లో ఒకటి ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. ఒంటికి కాపలా కాయవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత మెదడు మీదే దాడి చేస్తుంది. క్రిమి ఏదీ లేకుండానే మెదడువాపు వస్తుంది. అరుదైనదే, కానీ సకాలంలో గుర్తిస్తే ఎక్కువమంది కోలుకునే జబ్బు. చిక్కంతా ఆ గుర్తించడంలోనే ఉంది.

ఇంట్లో ఒక మాట, ఆస్పత్రిలో ఒక మాట

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడపిల్ల ఉన్నట్టుండి తనలో తాను మాట్లాడుకుంటున్నా, రాత్రిళ్లు లేచి కేకలు వేస్తున్నా ముందు వినిపించే మాట ‘గాలి సోకింది’ అని. మన్యం వైపు వెళితే ‘చిల్లంగి పెట్టారు’ అంటారు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు కూడా ఉన్న ప్రాంతం కాబట్టి దాన్ని వట్టి అమాయకత్వమని కొట్టిపారేయలేం. తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు, ఎవరో చెబితే పూజకు తీసుకెళ్తారు. ఇంతలో ఊళ్లో ఆర్‌ఎంపీ జ్వరానికి ఇంజెక్షన్ చేసి ఉంటాడు. ఎందుకంటే కథ చాలాసార్లు జ్వరంతో, తలనొప్పితోనే మొదలవుతుంది.

చదువుకున్న కుటుంబమైతే దారి వేరు. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, పట్నంలో ప్రైవేటు సైకియాట్రిస్టు దగ్గరకో వెళ్తారు. వెళ్లడం తప్పేమీ కాదు, నిజానికి మంచి పనే. అయితే మందులు మొదలుపెట్టిన నాలుగు రోజులకు పిల్ల ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, జ్వరం పెరిగి, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటే ‘మందు పడలేదు’ అని ఇంకో మందు మారుస్తూ పోవడం మాత్రం ప్రమాదం. ఈ జబ్బున్నవారికి సైకోసిస్ మందులు తరచూ సరిపడవు. అలా సరిపడకపోవడమే ఒక సూచన అని ఇప్పుడు న్యూరాలజిస్టులు చెబుతారు.

2005లో ‘చంద్రముఖి’ వచ్చింది. దయ్యం పట్టిందని అందరూ అనుకునే అమ్మాయిది మానసిక సమస్య అని తేల్చే సైకియాట్రిస్టు కథ. తెలుగు జనం విరగబడి చూశారు. మంత్రగాడి దగ్గరకు పోవాలా, మనోవైద్యుడి దగ్గరకు పోవాలా అన్నదే ఆ సినిమాలోని తగువు. సరిగ్గా అదే ఏడాది ఒక అమెరికన్ న్యూరాలజీ పత్రికలో నలుగురు స్త్రీల కథ అచ్చయింది. నలుగురికీ మనసు చెదిరింది, జ్ఞాపకశక్తి పోయింది, శ్వాస మందగించింది. నలుగురికీ అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంది. సినిమాలో ఎవరికీ తట్టని మూడో సమాధానం అది.

అండాశయంలో గడ్డ, తలలో తుపాను

అప్పట్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న స్పానిష్ న్యూరాలజిస్టు జోసెప్ డల్మావ్, ఆయన సహచరులు రెండేళ్లకు, అంటే 2007లో, అసలు దొంగను పట్టుకున్నారు. మెదడు కణాల మీద ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాలుంటాయి. జ్ఞాపకం, నేర్చుకోవడం, ఆలోచన, కదలిక, అన్నిట్లోనూ వాటికి పాత్ర ఉంది. ఈ రోగుల వెన్నునీటిలో ఆ గ్రాహకాలకు అంటుకునే యాంటీబాడీలు దొరికాయి. అవి అంటుకుంటే గ్రాహకాలు కణం పైనుంచి లోపలికి జారిపోతాయి. పని ఆగిపోతుంది.

టెరటోమాకు, మెదడుకు ఏమిటి సంబంధం? ఆ గడ్డ విచిత్రమైనది. అందులో వెంట్రుకలు, పళ్లు, కొవ్వుతో పాటు నాడీ కణజాలం కూడా పెరుగుతుంది. ఉండకూడని చోట కనిపించిన ఆ కణజాలం మీద శరీరం యుద్ధం ప్రకటిస్తుంది. అక్కడ తయారైన యాంటీబాడీలే అచ్చం అలాంటి గ్రాహకాలున్న మెదడు మీద కూడా పడతాయి. గడ్డ తీసేస్తే మతి కుదుటపడటమనే వింతకు కారణం ఇదే. అలాగని రోగులందరికీ గడ్డ ఉండదు. పిల్లల్లో, మగవారిలో చాలా అరుదు.

గ్రాహకం లోపలికి జారిందే తప్ప కణం చావలేదన్నది ఇక్కడ కీలకం. యాంటీబాడీలను తగ్గిస్తే గ్రాహకాలు మళ్లీ పైకి వస్తాయి. నెలల తరబడి మంచం పట్టిన మనిషి లేచి తిరగగలగడానికి ఆధారం అదే. 2013లో 577 మంది రోగుల వివరాలతో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వారిలో అందరికన్నా చిన్న రోగికి 8 నెలలు, అందరికన్నా పెద్ద రోగికి 85 ఏళ్లు. చికిత్స ఫలితం తెలిసిన 501 మందిలో 394 మంది రెండేళ్ల లోపు తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. 30 మంది చనిపోయారు. చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత మెరుగ్గా ఉందని కూడా ఆ అధ్యయనమే తేల్చింది.

నల్లులు కుట్టాయన్న భయంతో మొదలై

ఈ జబ్బును ప్రపంచానికి పరిచయం చేసింది డాక్టరు కాదు, ఒక విలేఖరి. న్యూయార్క్ పోస్ట్‌లో పనిచేసే సుజానా కాహలన్‌కు 2009లో 24 ఏళ్లు. చేతి మీద రెండు మచ్చలు చూసి ఇంట్లో నల్లులున్నాయని పట్టుకుంది. ఎవరు చెప్పినా వినలేదు. తర్వాత ఒక పక్క తిమ్మిరి, నిద్రలేమి, అకారణంగా ఏడుపు, అంతలోనే నవ్వు. మూర్ఛలు వచ్చాయి. తాగుడు, పని ఒత్తిడి వల్ల ఇలా అవుతోందన్న డాక్టరు కూడా ఉన్నాడు. ఆస్పత్రిలో చేరాక స్కాన్లు, రక్తపరీక్షలు వరుసగా మామూలుగానే వచ్చాయి.

చివరికి కేసు సుహేల్ నజ్జార్ అనే న్యూరాలజిస్టు చేతికి వచ్చింది. ఆయన ఆమెకు కాగితం, కలం ఇచ్చి గడియారం బొమ్మ వెయ్యమన్నాడు. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలన్నీ ఆమె కుడి సగంలోనే కుక్కేసింది. ఎడమ సగం ఖాళీ. మనసు సమస్య అయితే గడియారంలో సగం మాయం కాదు, మెదడు కుడి భాగంలో వాపుందని ఆయన గ్రహించాడు. మిలియన్ డాలర్లకు చేరువైన ఆస్పత్రి ఖర్చులో అందరికీ దారి చూపింది ఒక తెల్ల కాగితం. 2012లో ఆమె ‘బ్రెయిన్ ఆన్ ఫైర్’ అనే పుస్తకం రాసింది. అది చదివి తమ పిల్లల జబ్బు ఇదేనేమోనని డాక్టర్లను అడిగిన తల్లిదండ్రులు ఎందరో.

మనుషులకే కాదు. బెర్లిన్ జూలో కోట్లమందికి ముద్దొచ్చిన క్నుట్ అనే ధ్రువపు ఎలుగుబంటి 2011 మార్చిలో సందర్శకులు చూస్తుండగానే గిర్రున తిరిగి నీళ్లలో పడి చనిపోయింది. దానికీ ఇదే జబ్బని 2015లో తేలింది. పాపం, దానికి గాలి సోకిందని మాత్రం ఎవరూ అనలేదు.

జ్వరాల సీమలో మరో జ్వరం

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో డాక్టర్ల పని మరింత కష్టం. ఇక్కడ జ్వరంతో మతి తప్పిన రోగి వస్తే ఆలోచించాల్సినవి చాలా ఉన్నాయి. ఏజెన్సీ నుంచి వస్తే మెదడుకెక్కిన మలేరియా. వానలు వెనకపట్టాక పొలాల్లో, తుప్పల్లో తిరిగేవారికి స్క్రబ్ టైఫస్. ఆపైన టీబీ మెనింజైటిస్, హెర్పిస్ వైరస్, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, డెంగ్యూ. వీటిలో కొన్నింటికి గంటల్లో మందు పడకపోతే ప్రాణం పోతుంది. కాబట్టి మొదట వీటినే చూడాలి. హెర్పిస్ అనుమానముంటే రిపోర్టు రాకముందే ఎసైక్లోవిర్ మొదలుపెట్టాలి. ఇందులో రెండో మాట లేదు.

ఉమ్మడి రాష్ట్రం చూసిన అనుభవాలు కూడా డాక్టర్ల ఆలోచనను క్రిముల వైపే నడిపిస్తాయి. 2003 వేసవి చివర్లో, వానాకాలం మొదట్లో చాందీపుర వైరస్ మెదడువాపు 329 మంది పిల్లల్ని పట్టి పీడించింది. 183 మందిని పొట్టనపెట్టుకుంది. మెదడువాపంటే క్రిమి, క్రిమి అంటే దోమో ఈగో అన్న లెక్క అలా బలపడింది.

అయితే క్రిమికీ, ఈ జబ్బుకీ ఒక చుట్టరికం ఉంది. హెర్పిస్ మెదడువాపు తగ్గి ఇంటికెళ్లిన రోగి కొన్ని వారాలకు మళ్లీ చిత్రంగా ప్రవర్తించడం, పిల్లలైతే చేతులు కాళ్లు మెలితిప్పడం వైద్యులు చాలాకాలంగా చూస్తున్నారు. ‘జబ్బు తిరగబెట్టింది’ అని వైరస్ మందే మళ్లీ ఇచ్చేవారు. స్పెయిన్‌లో 51 మంది హెర్పిస్ రోగుల్ని వరసగా గమనించి 2018లో ఫలితం ప్రకటించారు. వారిలో 14 మందికి రెండోసారి వచ్చింది వైరస్ కాదు, ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ తర్వాత కూడా ఇలా జరిగిన కేసులు మన దేశంలోనూ నమోదయ్యాయి. మెదడువాపు నుంచి బయటపడిన పిల్ల నెల తిరక్కుండా మళ్లీ తేడాగా ఉంటే, పాత మందుల చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లకూడదు.

ఉద్దానంలో ఒక పెద్దాయన

ఇప్పటిదాకా చెప్పింది ఈ జబ్బుల్లో పేరున్న ఎన్‌ఎండీఏ రకం. దీని తోబుట్టువులు ఇంకా చాలా ఉన్నాయి. వాటి వేషాలు ఇంకా చిత్రం.

కవిటి, సోంపేట, కంచిలి వైపు అరవై దాటిన కొబ్బరి రైతును ఊహించుకోండి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక చెంప వంకర పోతుంది. అదే వైపు చెయ్యి ఒక్కసారి ఎగిరి పడుతుంది. రెండు మూడు సెకన్లు, అంతే. చేతిలో టీ గ్లాసు కింద పడుతుంది. రోజుకు పదులసార్లు ఇలా అవుతుంది. ‘నరాల బలహీనత’ అని బి కాంప్లెక్స్ ఇస్తారు. కొందరు మూర్ఛ మందు ఇస్తారు, తగ్గదు. కొన్ని వారాలకు పెద్దాయన ఉదయం తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతాడు. రక్తపరీక్షలో సోడియం బాగా తగ్గి ఉంటుంది.

ఉద్దానంలో ఈ రిపోర్టు చూసిన ఎవరికైనా వచ్చే ఆలోచన కిడ్నీ. రావాలి కూడా. ఇక్కడ దశాబ్దాలుగా ప్రతి వీధిలో కిడ్నీ రోగులున్నారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. యూరియా పెరిగినా, లవణాలు తారుమారైనా మతి తప్పుతుంది, మూర్ఛ వస్తుంది. కానీ క్రియాటినిన్ అంతగా పెరగకుండా సోడియం మాత్రమే పడిపోయి, చెంపా చెయ్యీ కలిసి ఎగిరిపడుతుంటే అది ఎల్‌జీఐ1 అనే ప్రొటీన్ మీద తయారైన యాంటీబాడీల పని కావచ్చు. ఎక్కువగా వయసు మళ్లిన మగవారికి వస్తుంది. ఆ చిన్న కుదుపులను 2011లో ప్రత్యేకమైన మూర్ఛగా గుర్తించి పేరు పెట్టారు. మామూలు మూర్ఛ మందులకు లొంగని ఆ కుదుపులు స్టెరాయిడ్‌తో చాలామందిలో ఆగిపోతాయి. మతిమరుపు రాకముందే స్టెరాయిడ్ పడితే మతి నిలుస్తుంది. అంటే కుదుపులు మొదలయ్యాక మతి చెదిరేదాకా ఉన్న ఆ కొద్ది వారాలే వైద్యానికి బంగారంలాంటి కాలం. దాన్ని బి కాంప్లెక్స్‌తో గడిపేస్తే పెద్దాయనకు అల్జీమర్స్ అని ముద్ర పడుతుంది.

మరో రకంలో కథ కడుపుతో మొదలవుతుంది. నెలల తరబడి విరేచనాలు, మనిషి సగమైపోవడం. గ్యాస్ట్రో డాక్టరు ఎండోస్కోపీ చేస్తాడు, కొలనోస్కోపీ చేస్తాడు, క్యాన్సరేమోనని వెతుకుతాడు. ఆ తర్వాత ఎప్పటికో చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, మతి చెదరడం కనిపిస్తాయి. డీపీపీఎక్స్ అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు చేసే పని ఇది. ఇంకో రకంలో నిద్రలోనే అసలు జబ్బు దాగి ఉంటుంది. రాత్రి కలవరింతలు, చేతులు ఆడించడం, గొంతులో కీచుమని శబ్దం, శ్వాస ఆగిపోవడం. 2014లో బార్సిలోనా వైద్యులు బయటపెట్టిన ఐజీలాన్5 అది. కాస్పర్2 అనే రకంలో రోగికి రాత్రుళ్లు కునుకు పట్టదు, చెమటలు కారిపోతాయి, పిక్కల్లో చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు కండరాలు అదురుతూ ఉంటాయి. వీటికి దూరపు చుట్టమైన ఎన్‌ఎంవో జబ్బులో అయితే రోజుల తరబడి ఆగని ఎక్కిళ్లు, వాంతులే మొదటి లక్షణం కావచ్చు. ఎక్కిళ్ల కోసం న్యూరాలజిస్టు దగ్గరకు ఎవరు వెళ్తారు?

లక్షణాల చిట్టా బట్టీ పట్టినంత మాత్రాన ఈ జబ్బులు దొరకవు. ఒక్కో లక్షణం ఒక్కో ఓపీ గదికి వెళ్తుంది. కడుపు ఒక డాక్టరు, మూర్ఛ ఒక డాక్టరు, మనసు ఒక డాక్టరు చూస్తారు. అన్ని చీటీలనూ ఒక్క బల్ల మీద పరిచి, ఏది ముందు వచ్చింది, ఏది వెనక వచ్చింది, ఎన్ని రోజుల తేడాతో వచ్చింది అని చూసిన డాక్టరుకే దొరుకుతాయి. అందుకే మొదట చెప్పిన తల్లి మాట అంత విలువైనది.

ఈ విషయంలో మన జిల్లాలకు ఒక ప్రత్యేకమైన నష్టం ఉంది. వలస. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్తారు. ఇక్కడి కూలీలు చెన్నైలో, హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో పనిచేస్తారు. అక్కడ ఒకడి ప్రవర్తన మారితే మేస్త్రీకి వాడు నిన్నటిదాకా ఎలా ఉండేవాడో తెలియదు. తాగి ఉంటాడనుకుంటారు. నాలుగు రోజులు చూసి తోటివాళ్లను తోడిచ్చి రైలెక్కిస్తారు. ఇంటికొచ్చేసరికి మొదటి వారంలో ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఉండరు. ఇలాంటప్పుడు కుటుంబం ముందుగా చేయవలసింది ఆ తోటి కూలీకి ఫోన్ చేసి డాక్టరుతో మాట్లాడించడం.

‘స్కాన్ నార్మల్... అయితే మెంటలే’

తప్పు మలుపు ఎక్కువగా ఈ మాట దగ్గరే. జిల్లాలో చాలాచోట్ల సీటీ స్కాన్ దొరుకుతుంది. తీస్తారు, ఏమీ కనిపించదు. ‘తలలో ఏమీ లేదట’ అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఈ జబ్బులో సీటీ మామూలుగా ఉండటం విశేషమే కాదు. ఎన్‌ఎండీఏ రకంలో ఎంఆర్ఐ కూడా సగానికి పైగా రోగుల్లో మామూలుగానే ఉంటుంది. స్కాన్ తీసేది మెదడులో గడ్డ, రక్తస్రావం, పక్షవాతం లేవని తేల్చుకోవడానికి. ఈ జబ్బు లేదని తేల్చడానికి కాదు.

అసలు చెప్పగలిగేవి వేరే రెండు పరీక్షలు. ఒకటి ఈఈజీ, తలకు తీగలు అంటించి మెదడులోని విద్యుత్తును గీయడం. నొప్పి ఉండదు, పెద్ద ఖర్చూ కాదు. ఎన్‌ఎండీఏ రోగుల్లో అత్యధికుల గీతలు తేడాగా ఉంటాయి. 2012లో 23 మందిని చూస్తే ఏడుగురిలో ‘ఎక్స్‌ట్రీమ్ డెల్టా బ్రష్’ అనే ప్రత్యేకమైన గీత కనిపించింది. రెండోది నడుములోంచి వెన్నునీరు తీసి చూడటం. మన దగ్గర దీనికి ఉన్న భయం ఇంతా అంతా కాదు. ‘నడుం పడిపోద్ది, నీళ్లు తియ్యనివ్వం’ అని సంతకం పెట్టకుండా వెళ్లిపోయే కుటుంబాలున్నాయి. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిపోయిన చోటుకు కింద. కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు. కాళ్లు పడిపోతాయన్న భయానికి ఆధారం లేదు. క్రిమి ఉందో లేదో చెప్పేదీ ఆ నీరే, యాంటీబాడీలు చూడాల్సిందీ ఆ నీటిలోనే. రక్తంలో మాత్రమే చూస్తే ఎన్‌ఎండీఏ రకం కొందరిలో దొరక్కుండా తప్పించుకుంటుంది.

యాంటీబాడీ పరీక్ష పెద్ద లేబొరేటరీలకు పంపాలి. రిపోర్టుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆగాలా? అక్కర్లేదని ప్రపంచ నిపుణులు 2016లో ఒక ఒప్పందానికి వచ్చారు. మూడు నెలల లోపు మతి, జ్ఞాపకం, ప్రవర్తన మారి ఉండాలి. కొత్తగా మూర్ఛలో, నరాల లోపమో, వెన్నునీటిలో తెల్లకణాలో, ఎంఆర్ఐలో తేడానో, ఏదో ఒకటి ఉండాలి. వేరే కారణాలు లేవని చూసి ఉండాలి. ఈ మూడూ కుదిరితే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా చికిత్స మొదలుపెట్టవచ్చు. పెద్ద పట్నానికి దూరంగా ఉన్న మనలాంటి జిల్లాలకు ఇంతకన్నా పనికొచ్చే నిర్ణయం మరొకటి లేదు.

ఖర్చు సంగతి

మొదటి చికిత్స మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకు ఒక గ్రాము చొప్పున సుమారు ఐదు రోజులు నరంలోకి. ఇది పెద్ద బరువు కాదు. భారమల్లా ఇమ్యూనోగ్లోబులిన్ దగ్గర. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాములు, ఐదు రోజులు. యాభై కిలోల పిల్లకు మొత్తం 100 గ్రాములు, అంటే ఐదు గ్రాముల సీసాలు ఇరవై. బిల్లు లక్షల్లోకి పోతుంది. దానికి బదులు రక్తంలోని ప్లాస్మాను మార్చే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ ఉంది. కిడ్నీలు దెబ్బతిన్న ఉద్దానం రోగికైతే ఇమ్యూనోగ్లోబులిన్ ఇచ్చే ముందు డాక్టరు రెండుసార్లు ఆలోచిస్తాడు, దానివల్ల కిడ్నీల మీద ఒత్తిడి పెరగవచ్చు కాబట్టి. వీటికి లొంగకపోతే రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్. యువతులకు అండాశయాల స్కాన్ తప్పనిసరి. గడ్డ ఉంటే తీసేయాలి.

ఇవన్నీ ఎక్కడ? విజయనగరం వాళ్లకు విశాఖ 60 కిలోమీటర్ల రైలు ప్రయాణం. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్ద దిక్కైన కింగ్ జార్జ్ ఆస్పత్రిలో న్యూరాలజీ, సైకియాట్రీ రెండు విభాగాలూ ఉన్నాయి. ఇచ్ఛాపురం వాళ్లకు విశాఖకన్నా ఒడిశాలోని బరంపురం దగ్గర. అక్కడి ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రికి వెళ్లడం వాళ్లకు అలవాటే. ఇంకా తేలకపోతే హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్. 2023 సెప్టెంబరులో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. నెల్లిమర్లలో, శ్రీకాకుళంలో, రాగోలులో కళాశాలలున్నాయి. ఇన్ని కళాశాలలున్న చోట ఈఈజీ, వెన్నునీటి పరీక్ష, స్టెరాయిడ్ కోసం రోగి జిల్లా దాటాల్సి రావడం సమంజసం కాదు. ఇమ్యూనోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి కోసం విశాఖ పంపారంటే అర్థముంది.

అన్నీ ఇదే కాదు

ఈ కథనం చదివి ప్రతి కోపానికీ, మతిమరుపుకీ ఈ పేరు తగిలించడం కూడా పొరపాటే. అమెరికా, ఇంగ్లండ్‌లలోని ప్రత్యేక కేంద్రాల్లో ఈ జబ్బని చెప్పి పంపిన రోగుల్లో 107 మందికి అసలు అది లేదని తేలినట్టు 2023లో ఒక అధ్యయనం వచ్చింది. కొందరిది అల్జీమర్స్ వంటి మెదడు క్షీణత, కొందరిది నిజంగానే మానసిక సమస్య. ఎక్కువమంది నెమ్మదిగా, నెలల తరబడి మారినవాళ్లు. థైరాయిడ్ యాంటీబాడీ కాస్త ఎక్కువుందని, అదే కారణమని స్టెరాయిడ్ పోసిన కేసులున్నాయి. ఆ యాంటీబాడీ ఆరోగ్యవంతుల్లో కూడా మామూలే. అనవసరపు స్టెరాయిడ్‌తో షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, టీబీ దాగి ఉంటే పైకి తేలుతుంది. టీబీ ఇంతగా ఉన్న దేశంలో అది చిన్న విషయం కాదు. రెండేళ్లుగా మెల్లమెల్లగా మరుపు పెరుగుతున్న తాతగారిది చాలామటుకు ఈ జబ్బు కాదు. స్కిజోఫ్రెనియా వచ్చిన యువకుల్లో అత్యధికులకు ఉన్నది స్కిజోఫ్రెనియానే. వారికి మానసిక వైద్యమే కావాలి.

కాబట్టి ఇంటివాళ్లు చేయవలసింది జబ్బు పేరు చెప్పడం కాదు, చూసింది చూసినట్టు చెప్పడం. మనిషి మారిన మొదటి రోజు ఏ పండగకో, ఏ పరీక్షకో, ఏ సంతకో ముందూ వెనకా అని గుర్తుచేసుకుని ఒక కాగితం మీద రాసుకోండి. జ్వరం ఎప్పుడొచ్చింది, నిద్ర ఎప్పుడు పోయింది, మాట ఎప్పుడు తడబడింది, ఏ మందు వేశాక ఏమైంది రాయండి. చెంప ఎగిరినా, నోరు అదేపనిగా నములుతున్నట్టు కదిలినా, చెయ్యి మెలిపడినా సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. ఆస్పత్రికి వెళ్లేసరికి అది ఆగిపోవచ్చు, వీడియో ఆగదు. తాయెత్తు కట్టించుకున్నా ఎవరూ కాదనరు, కానీ దాని కోసం వారం ఆగకండి. సైకియాట్రీ వార్డులో ఉన్న పిల్లకు జ్వరం, మూర్ఛ, ఒళ్లు బిగుసుకోవడం, శ్వాసలో తేడా కనిపిస్తే ‘డాక్టరు గారూ, ఈఈజీ తీశారా? నడుము నీరు చూశారా? న్యూరాలజిస్టుకు చూపించారా?’ అని అడగండి. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, మనిషి పలక్కపోయినా 108కి ఫోన్ చేయండి.